ధనియాలు వేయబోతున్న మా అబ్బాయికి

చిరంజీవి నాయనా,

ఈసారి రెండెకరాల నల్లరేగడిలో శనగ మాని ధనియాలు వేస్తానని చెప్పావు కదా, అప్పటి నుంచి నా మనసు నీ చేలోనే ఉంది. ఫోన్లో సగమే చెప్పగలిగాను. మిగతాది రాస్తున్నా.

విత్తనం కిరాణా కొట్టులో కొనొద్దు. అవి ఏ ఏటివో, ఎంత ఎండలో పడి ఉన్నాయో తెలీదు. గుంటూరు దగ్గర లాం పరిశోధనా స్థానం వాళ్ళ సాధన, సింధు రకాలు మన రేగళ్ళకి బాగుంటాయి. విత్తడం ఆలస్యమైతే స్వాతి వెయ్యి, అది ముందే కోతకొస్తుంది.

ధనియం చూడ్డానికి ఒక్క గింజే గానీ లోపల రెండుంటాయి. గోనెపట్టా మీద పలచగా పోసి, చెప్పు అడుగుతో మెల్లగా రుద్దు. టప్పున రెండు బద్దలవుతుంది. రోకలి మాత్రం ముట్టుకోవద్దు, మొలక దెబ్బతింటుంది. బద్దలు చెయ్యకుండా వేస్తే మొక్కలు జంటలుగా లేచి ఒకదాన్నొకటి తినేస్తాయి.

అక్టోబరు రెండో పక్షం నుంచి నవంబరు మొదటి పక్షం లోపు, నేలలో తడి ఆరకముందే గొర్రుతో వేసెయ్. ఎకరాకు 8 కిలోలు, సాలుకూ సాలుకూ అడుగు, లోతు అంగుళం పైన కొంచెం. మొలక రావడానికి 10, 12 రోజులు పడుతుంది. వారానికే కంగారుపడి చేను దున్నేసినవాళ్ళని చూశాను, నువ్వట్లా చెయ్యకు. మొదటి నెల మొక్క ఎదగదు, కలుపు ఎదుగుతుంది. గుంటక తోలడం మానొద్దు. ఒత్తుగా ఉన్నచోట పీకిన కొత్తిమీర పప్పులోకి వాడుకోండి.

పూత మీద మబ్బు పట్టిందంటే రోజూ చేలోకి వెళ్ళు. ఆకు మీద తెల్లటి బూడిద కనబడితే లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం కలిపి కొట్టు. రసం పీల్చే పేనుబంక పురుగు కూడా అప్పుడే వస్తుంది. ఏ మందైనా సాయంత్రమే. పొద్దున పూల మీద తేనెటీగలుంటాయి, గింజ బాగా కట్టేది వాటివల్లే.

ఇక కోత. నా మొదటి పంట మిట్టమధ్యాహ్నం కోశాను. కొడవలి తగిలితే చాలు, గింజ జలజలా రాలిపోయింది. మీ పెద్దమ్మ సాళ్ళలో కూర్చుని చేటలోకి ఏరింది. ఆ దుఃఖం నీకొద్దు. తెల్లవారుజామున మంచు తడి ఉండగానే కోసి, నీడలో ఆరబెట్టు. మండే ఎండలో రంగు పోతుంది, వాసనా తగ్గుతుంది.

ఎప్పుడు కోయాలో రంగు ఒక్కటే చూసి తేల్చుకోకు. కాయ నలిపి ముక్కు దగ్గర పెట్టుకో. పచ్చిగా ఉన్నప్పుడు నల్లిని నలిపినట్టు కంపు కొడుతుంది. అది పోయి, మన రసంపొడి వాసన వేలికి అంటిన రోజు, సగం కాయలు పసుపు తిరిగి ఉంటాయి. మర్నాడే కూలీలకి చెప్పు.

మొలకలొచ్చాక ఒక ఫోటో పంపు. కోత నాటికి నేనే వస్తా.

మీ పెదనాన్న