అశోక్‌నగర్‌లో తిండి గురించి కిరణ్‌కు

చిరంజీవి కిరణ్‌కు,

మామయ్య ఆశీస్సులు. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూమ్ దొరికిందని మీ అమ్మ చెప్పింది. గ్రూప్స్ కోచింగ్ సంగతి నాకు తెలీదు కానీ, చిక్కడపల్లి నుంచి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాకా తిండి సంగతి అడుగు, చెప్తాను.

ఆ రోడ్డు మీద ‘మంచి హోటల్ ఏది’ అని వెతక్కు. ఏ హోటల్లో, ఏ టైమ్‌కి, ఏది బాగుంటుందో వెతుక్కో. పొద్దున ఇడ్లీ బాగా చేసేవాడు సాయంత్రం ఫ్రైడ్‌రైస్ కూడా అమ్ముతాడు. రెండూ ఒకేలా ఉంటాయనుకుని వెళ్తే నష్టపోయేది నువ్వే.

బిర్యానీ సంగతే చూడు. మన కచ్చీ బిర్యానీలో మసాలా పట్టించిన పచ్చి మాంసం అడుగున వేసి, సగం ఉడికిన బియ్యం పైన పరిచి, మూత చుట్టూ పిండితో మూసి దమ్ పెడతారు. కొత్త హండీ తెరిచిన గంటలోపు దొరికే ప్లేటు వేరు, నాలుగింటికి మిగిలింది వేరు. పన్నెండున్నరకల్లా కూర్చో. ఇంకో కారణం కూడా ఉంది. అక్కడ సుదర్శన్, దేవి, సంధ్య థియేటర్లు దగ్గరదగ్గరగానే ఉన్నాయి. మార్నింగ్ షో వదిలాక జనం ఒక్కసారిగా వచ్చి పడతారు. పెద్ద సినిమా రిలీజైన శుక్రవారం అయితే టేబుల్ మీద ఆశ వదులుకోవడమే. కూర్చున్నాక వెయిటర్‌తో ‘కింది మసాలా కాస్త వెయ్యన్నా’ అని అడుగు. అడగనివాడికి పైన ఉన్న తెల్ల అన్నమే ఎక్కువ వస్తుంది. సింగిల్ బిర్యానీ ఒకరికి మరీ ఎక్కువ, ఇద్దరు పంచుకోండి.

బావర్చి అనే బిర్యానీ హోటల్ పేరు ఊరంతా బోర్డుల మీద కనిపిస్తుంది. జనం చెప్పుకునేది మాత్రం క్రాస్‌రోడ్స్‌లో ఉన్నదాని గురించే. దగ్గర్లోనే ఆస్టోరియా హోటల్ ఉంది. ఏది గొప్పదనే వాదనలోకి నన్ను లాగకు, మీ అత్తతో ఇప్పటికే ఆ గొడవ ఉంది.

టిఫిన్‌కి బండి దగ్గర ఆగినప్పుడు దోసె కంటే ముందు చట్నీ చూడు. పల్లీ చట్నీ నీళ్లలా జారుతుంటే, పుల్లటి వాసనొస్తుంటే పక్క బండికి వెళ్లిపో. తొమ్మిది దాటాక చట్నీలో నీళ్లు కలిపే అలవాటు చాలామందికి ఉంది. దోసె పార్సిల్ కట్టించుకోకు, రూమ్‌కి చేరేలోపు ఆవిరికి మెత్తబడుతుంది. ఇడ్లీ అయితే పర్లేదు.

నీకు ఎక్కువ పని పడేది మెస్‌తోనే. చికెన్ బాగుందని మెస్‌లో చేరకు, అది ఏ ఆదివారమో వండుతారు. రోజూ వండే పప్పు, చారు చూడు. చారులో మిరియం ఘాటు, చింతపండు పులుపు తెలియాలి. ఊరికే ఎర్ర నీళ్లు పోస్తే ఆ వంటగదిలో శ్రద్ధ లేనట్టే. పెరుగు గడ్డగా ఉందా, మజ్జిగలా ఉందా అన్నది కూడా గమనించు. నెల డబ్బులు ముందే కట్టమంటే కట్టకు. వారం పాటు పూటకింత ఇచ్చి తిను. మధ్యాహ్నం, రాత్రి రెండు పూటలా తిని చూడు. రాత్రి మధ్యాహ్నం కూరనే తిప్పి పెడుతున్నారేమో అప్పుడే తెలుస్తుంది.

ఫోన్‌లో రేటింగ్ చూసేటప్పుడు నక్షత్రాలు వదిలేసి, ఈ నెలలో రాసినవి మాత్రం చదువు. వంటమాస్టర్ మారితే హోటల్ రుచే మారిపోతుంది, పాత పొగడ్తలు మాత్రం అలాగే ఉంటాయి.

సాయంత్రం చదువు విసుగనిపిస్తే హైదర్‌గూడ కెఫే బహార్ దాకా నడువు. ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు చాలు. రంజాన్ నెలలో హలీమ్ తప్పక తిను, కానీ మరుసటి రోజు పరీక్ష లేనప్పుడే.

ఆదివారం రాత్రి చాలా మెస్‌లు తెరవరు. మీ మెస్ సంగతి శనివారమే కనుక్కో.

నీ మామయ్య