టీమ్ ఈజ్ అనాలా, టీమ్ ఆర్ అనాలా?

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. 'ది కమిటీ హ్యావ్' అని రాస్తే మీ సార్ కొట్టేశారనీ, అదే మాట ఇంకో పుస్తకంలో అచ్చయి ఉందనీ టెన్షన్ పడుతున్నావు. నువ్వు రాసిందీ తప్పు కాదు, ఆయన దిద్దిందీ తప్పు కాదమ్మా. టీమ్, కమిటీ, గవర్నమెంట్ లాంటి మాటలకు అమెరికా వాళ్లు సాధారణంగా ఏకవచనమే వాడతారు. బ్రిటన్‌లో ఏకవచనం, బహువచనం రెండూ నడుస్తాయి. క్రికెట్ వార్తల్లో 'ఇంగ్లాండ్ హ్యావ్ వన్ ది టాస్' అని చదివే ఉంటావు. అక్కడ ఇంగ్లాండ్ అంటే దేశం కాదు, ఆటగాళ్లు.

రాసే ముందు ఒకటి చూసుకో. ఆ గుంపు అంతా కలిసి ఒక్క పని చేసిందా, లోపలి మనుషులు ఎవరికి వారే చేశారా? రిపోర్టు ఇచ్చేది కమిటీ మొత్తం కాబట్టి 'ది కమిటీ హ్యాజ్ సబ్‌మిటెడ్ ఇట్స్ రిపోర్ట్'. లోపల తలో మాట అంటుంటే 'ది కమిటీ ఆర్ డివైడెడ్ ఇన్ దెయిర్ ఒపీనియన్స్'. ఇది చెవికి ఎబ్బెట్టుగా తోస్తే 'ది మెంబర్స్ ఆఫ్ ది కమిటీ ఆర్' అని రాసెయ్యి. నేనూ అంతే చేస్తాను.

నాకు నిజంగా బాధ కలిగించేది వేరే ఉంది. 'ది టీమ్ హ్యాజ్ చేంజ్‌డ్ దెయిర్ కెప్టెన్' అని రాస్తారు. హ్యాజ్ అన్నప్పుడు టీమ్ ఒకటి, దెయిర్ దగ్గరికి వచ్చేసరికి పదకొండు మంది! మాట్లాడేటప్పుడు చాలామంది ఇలాగే అంటారు, కానీ పరీక్షలో హ్యాజ్ రాస్తే ఇట్స్, హ్యావ్ రాస్తే దెయిర్ రాయి. నేను దిద్దిన పేపర్లలో మార్కులు ఎక్కువగా ఇక్కడే పోయేవి.

ఈ తేడా మన భాషలోనూ ఉంది. 'జట్టు గెలిచింది' అంటాం, 'జనం వచ్చారు' అంటాం. జనం చివర 'లు' లేకపోయినా మనసుకు మనుషులే కనిపిస్తారు. పీపుల్, పోలీస్, క్యాటిల్ కూడా అంతే, చివర ఎస్ లేకున్నా 'ది పోలీస్ హ్యావ్' అనాలి. ఫర్నిచర్, ఇన్ఫర్మేషన్ మాత్రం ఎప్పుడూ ఈజ్.

నంబర్ దగ్గర కాస్త ఆగు. 'ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ ఆర్ ఆబ్సెంట్' అంటే పలువురు రాలేదని. 'ది నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ ఈజ్ స్మాల్' అంటే మాట్లాడేది ఆ సంఖ్య గురించి.

ఫ్యామిలీ అనే మాటతో రెండు వాక్యాలు, ఒకటి ఈజ్‌తో, ఒకటి ఆర్‌తో రాసి పంపు. దిద్ది పంపిస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ