వ్యాసం వెనక్కి వచ్చింది... ఫీచర్ రాయడం ఎలా?

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మాది పోచంపల్లి దగ్గర ఊరు. మా ఊరి నేతన్నల మీద ఫీచర్ రాసి ఒక పత్రిక ఆదివారం అనుబంధానికి పంపాను. ‘భాష బాగుంది, కానీ ఇది వ్యాసం, కథనం కాదు’ అని వెనక్కి వచ్చింది. ఏం లోపించిందో అర్థం కావడం లేదు. ఫీచర్ రైటింగ్‌లోనే స్థిరపడాలని ఉంది. నాన్నేమో ముందు బీఈడీ చేయమంటున్నారు. నా రాత కూడా జత చేశాను. ఏం చేయమంటారు?
– ఒక విద్యార్థిని, యాదాద్రి భువనగిరి జిల్లా

జవాబు: మీ రాత చదివాం. ‘చేనేత మన సంస్కృతికి ప్రతీక’ అని మొదలైంది. నూలు ధరలు, మరమగ్గాల పోటీ, పథకాల పేర్లు వరసగా వచ్చాయి. ‘పాలకులు ఇకనైనా కళ్లు తెరవాలి’ అని ముగిసింది. మొత్తం మీద ఒక్క మనిషి పేరు లేదు, ఒక్క రూపాయి లెక్క లేదు. మగ్గం చప్పుడు వినని వాళ్లు కూడా ఎక్కడో కూర్చుని ఇది రాసేయగలరు. మీరేమో ఆ చప్పుడు మధ్యే పెరిగారు. అదే మాకు బాధనిపించింది.

లోపం మీ వాక్యంలో లేదు, సేకరణలో ఉంది. ఫీచర్‌కు నాలుగు రోజులు పడితే అందులో మూడు రోజులు తిరగడానికీ, కూర్చుని చూడటానికీ, సరిచూసుకోవడానికీ పోవాలి. రాయడానికి ఒక్కరోజు చాలు.

ముందు విషయాన్ని ప్రశ్నగా మార్చుకోండి. ‘చేనేత సంక్షోభం’ అనేది విషయం. దాని మీద పుస్తకాలే రాయొచ్చు, ఎనిమిది వందల మాటల్లో పట్టదు. ‘ఇంట్లో ఆడవాళ్లు చేసే పనికి చీర కూలిలో లెక్క ఉందా?’ అనేది ప్రశ్న. ఒక ఊళ్లో, నలుగురైదుగురిని కలిస్తే జవాబు దొరుకుతుంది. మీ ఊరికి ఇదే సరిపోతుందని మా అభిప్రాయం. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో నేత, అనుబంధ పనుల్లో ఉన్నవాళ్లు 35 లక్షల పైచిలుకు. నేత పనిలో 72 శాతం దాకా ఆడవాళ్లే. పత్రికల్లో మాత్రం ఎక్కువగా మగ్గం మీద కూర్చున్న మగమనిషి ఫొటోనే చూస్తుంటాం. ఆ రెండింటి మధ్య ఉన్న తేడాలోనే మీ కథనం ఉంది.

మొదటిసారి వెళ్లినప్పుడు ప్రశ్నలు తీసుకెళ్లకండి. ఒకే ఇల్లు ఎంచుకుని, పొద్దున పని మొదలైనప్పటి నుంచి మధ్యాహ్నం దాకా ఊరికే కూర్చోండి. నోట్‌బుక్‌లో ఎడమ పేజీలో కళ్లతో చూసింది, కుడి పేజీలో చెవులతో విన్నది రాయండి. ఈ రెండూ కలిపి రాసుకుంటే, వారం తర్వాత ఏది మీరు చూశారో, ఏది ఎవరో చెప్పారో మీకే తెలియదు. ఎవరు ముందు లేచారు, కండెలు (నేతకు దారం చుట్టే చిన్న గొట్టాలు) ఎవరు చుట్టారు, అచ్చు అతకడానికి (కొత్త దారాలను మగ్గం మీది పాత దారాల కొసలకు కలపడానికి) ఎవరొచ్చారు, రంగుల గిన్నెల దగ్గర ఎవరి చేతులు ఉన్నాయి, పొయ్యి మీద అన్నం ఎవరు చూసుకున్నారు... గడియారం చూసి టైముతో సహా రాయండి. రెండోసారి వెళ్లినప్పుడు మీ ప్రశ్నలన్నీ ఈ పేజీల్లోంచే వస్తాయి.

ఒక్క అంకె ఎంత పని చేస్తుందో ఆసు పనిలో చూడండి. ఇక్కత్ చీరకు, అంటే దారాలకు ముందే రంగులద్ది నేసే చీరకు, దారాన్ని కొయ్యల చుట్టూ తిప్పుతూ ఆసు పోయాలి. చేత్తో చేస్తే ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడే భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ‘ఆడవాళ్లు ఎంతో శ్రమిస్తున్నారు’ అని పది వాక్యాలు రాసినా ఆ 9,000 ముందు నిలవవు. మీరు వెళ్లిన ఇంట్లో ఇప్పుడు ఆసు ఎలా పోస్తున్నారు? యంత్రం ఉంటే ఎప్పుడు కొన్నారు, అప్పు చేశారా, మిగిలిన టైములో ఆ ఇంటి ఆడవాళ్లు ఏం చేస్తున్నారు? ఇది మీ ఊళ్లో ఇంకా ఎవరూ అడగని ప్రశ్న కావచ్చు.

కూలి లెక్క దగ్గరే కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తా పడతారు. ‘చీరకు ఎంత వస్తుంది?’ అని అడిగి, చెప్పిన అంకె రాసేస్తారు. ఆ అంకె చీర కూలా, అమ్మిన ధరా, పడుగు (మగ్గానికి ఒకసారి ఎక్కించే నిలువు దారాలు, దాని మీద కొన్ని చీరలు దిగుతాయి) మొత్తానికి వచ్చేదా అన్నది అడగరు. మీరు ఈ వరసలో అడగండి: పడుగుకు ఎన్ని చీరలు, మొదలుపెట్టి దించేదాకా ఎన్ని రోజులు, నూలూ రంగూ షావుకారు ఇస్తాడా సొంతంగా కొంటారా, బయటివాళ్లకు ఇచ్చే కూలి ఎంత, అన్నీ పోగా చేతికొచ్చేది ఎంత, ఆ పనిలో ఇంట్లో ఎందరి చేతులు పడ్డాయి. లెక్క ఎలా మారుతుందో చూపడానికి ఊహకు ఒక ఉదాహరణ: ఏడు చీరల పడుగు 35 రోజుల్లో దిగి 21,000 మిగిలిందనుకోండి. రోజుకు 600 అనిపిస్తుంది. ఇద్దరు పనిచేస్తే మనిషికి 300. ముసలమ్మ కండెలు చుట్టిందంటే 200. అదే మీ కథనానికి గుండెకాయ. ఈ లెక్క వాళ్ల ఎదుటే కాగితం మీద వేసి చూపించండి. తప్పుంటే అక్కడే దిద్దుతారు.

రికార్డింగ్ పెట్టే ముందు అడగండి. నడుస్తున్న మగ్గం పక్కన ఫోన్ పెడితే చప్పుడు తప్ప మాట వినిపించదు. పని ఆగినప్పుడు, ఫ్యానుకు దూరంగా, మెత్తటి గుడ్డ మీద పెట్టండి. ఆ రాత్రే విని రాసుకోండి. వాళ్లన్న మాటలను పుస్తకభాషలోకి మార్చకండి. ‘చేసుడే గానీ, పైసలు నా చేతికి ఎన్నడు రాలే’ లాంటి మాట ఎవరైనా అంటే అలాగే ఉంచండి. ‘నా శ్రమకు తగిన ప్రతిఫలం లభించడం లేదు’ అని మార్చారంటే మనిషి మాయమైపోతుంది. యాసను హాస్యానికి వాడకపోవడం ఎంత ముఖ్యమో, శుభ్రం చేయకపోవడమూ అంతే ముఖ్యం.

ఒక్క ఇంటి మాటతో ఆగకండి. నేతన్నల సహకార సొసైటీ అధ్యక్షుడిని, పని ఇచ్చే షావుకారును, జిల్లా చేనేత జౌళి శాఖ అధికారిని కలవాలి. షావుకారు మీద ఆరోపణ ఉంటే ఆయన జవాబు లేకుండా ఏ పత్రిక డెస్కూ (కథనాలు దిద్దే విభాగం) అచ్చువేయకూడదు. ‘మాట్లాడనన్నారు’ అని రాయాలన్నా ముందు ఫోన్ చేసి ఉండాలి. కాగితాలు కావాలంటే సమాచార హక్కు చట్టం ఉంది. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి కాబట్టి దరఖాస్తు మొదటి వారంలోనే పెట్టండి. ‘చేనేతల సమస్యల వివరాలు ఇవ్వగలరు’ అని అడిగితే ఏదీ రాదు. ఫలానా సొసైటీలో ఫలానా ఆర్థిక సంవత్సరంలో సభ్యులు ఎందరు, వారిలో మహిళలు ఎందరు, ఒక పథకం కింద డబ్బు ఎందరి ఖాతాలో పడింది అని, అంకెతో జవాబు వచ్చేలా అడగండి.

అప్పులు, ఆత్మహత్యలు ఉన్న ఇంటికి వెళ్లాల్సి వస్తే అచ్చులో ఏం వస్తుందో ముందే విడమరచి చెప్పండి. పేరు వద్దంటే మార్చండి, మార్చామని కథనంలోనే చెప్పండి. ఎలా చనిపోయారన్న వివరం రాయొద్దు. ‘ఇది వస్తే మీకు సాయం అందుతుంది’ అని మాత్రం ఎవరికీ అనకండి. అది మీ చేతిలో లేదు.

ఇక రాత. ఇంట్రో, అంటే మొదటి పేరా, 60, 70 మాటల్లో ఒకే దృశ్యం. మీ ఎడమ పేజీలోంచి తీసుకోండి, కల్పించకండి. రెండో పేరాలోనో, మూడో పేరాలోనో ఈ కథనం దేని గురించో, ఇప్పుడెందుకో తేల్చి చెప్పాలి. ఈ పేరా లేకనే చాలా ఫీచర్లు డెస్కు దగ్గర పడిపోతాయి. చదివేవాడు సగం దాకా వచ్చినా ‘ఇంతకీ ఏమంటున్నారు’ అనుకుంటాడు. ఆ తర్వాత లెక్క, రెండో మనిషి, అవతలి పక్షం, అధికారి. గణన అంకెలను ఒకేచోట గుట్టపోయకండి. ఒక మనిషి మాట పక్కన ఒక అంకె చాలు. వార్తను చోటు చాలకపోతే కింద నుంచి కోస్తారు. ఫీచర్ ముగింపు కోస్తే కథనమే తెగిపోతుంది కాబట్టి ఆసు గురించిన వివరం లాంటిది విడిగా 100 మాటల బాక్సుగా ఇవ్వండి. కోయాల్సి వస్తే డెస్కు దాన్ని తీసేస్తుంది.

పంపే ముందు ప్రతి పేరు, వయసు, అంకె కింద గీత గీసి, ఒక్కొక్కటీ ఫోన్ చేసి సరిచూడండి. యూనికోడ్‌లో టైప్ చేయండి. మెయిల్‌లో నాలుగు వాక్యాల్లో విషయం చెప్పి, ఫొటోలను వర్డ్ ఫైల్లో అతికించకుండా విడిగా, ఎడమ నుంచి ఎవరెవరో రాసిన క్యాప్షన్లతో జతచేయండి.

నాన్నగారి మాట విషయానికొస్తే, ఆయన భయంలో న్యాయం ఉంది. బయటి నుంచి పంపే కథనాలకు వచ్చే పారితోషికం మీద ఇల్లు గడవదు. ఉద్యోగం కావాలంటే పత్రికల సొంత జర్నలిజం స్కూళ్ల ప్రకటనలు గమనించండి. రాతపరీక్షలో తెలుగు, వర్తమానాంశాలతో పాటు ఇంగ్లిష్ నుంచి తెలుగు అనువాదం కీలకం. శిక్షణలో భృతి ఇస్తారు. చాలామందికి మొదటి కొలువు సబ్ ఎడిటర్‌గానే దొరుకుతుంది, ఫీచర్ల డెస్కు తర్వాత. ఉస్మానియాలో 1954 నుంచి జర్నలిజం విభాగం ఉంది, పీజీ అక్కడ చేయొచ్చు. ఈలోగా రోజూ ఒక ఇంగ్లిష్ వార్తను 200 మాటల్లో తెలుగు చేయండి. ఈ ఏడాది రెండు పనులూ చేసి చూడండి: జర్నలిజం ప్రవేశ పరీక్షలు రాయండి, బీఈడీ ఎంట్రన్సూ రాయండి. చేతిలో మూడు అచ్చయిన కథనాలుంటే నాన్నతో మాట్లాడటం తేలికవుతుంది. పల్లె బతుకుల మీద పనిచేసే పీ.సాయినాథ్ 2014లో మొదలుపెట్టిన ‘పరి’ వెబ్‌సైట్ తెలుగులోనూ వస్తుంది, విద్యార్థుల కథనాలూ తీసుకుంటుంది. ఒకే కథనాన్ని ఒకేసారి రెండు చోట్లకు పంపకండి. రెండు వారాలు చూసి, ఫోన్ చేసి, వద్దంటేనే వేరేచోటికి పంపండి.

ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం. ఆ వారం ప్రతి పత్రికకూ చేనేత కథనం కావాలి, కానీ అనుబంధాల పేజీలు చాలా ముందే నిండిపోతాయి. జూలై మొదటి వారానికల్లా మీ కథనం డెస్కులో ఉండాలంటే, ఆ ఇంటికి మీ మొదటి పొద్దు మే నెలలోనే పడాలి.