ఎండాకాలంలో ఇడ్లీ పిండిని చల్లగా ఉంచేదెలా?

కర్నూలు ఎండలకు రాత్రి రుబ్బిన పిండి తెల్లారేసరికి పులిసిపోతోంది, ఫ్రిజ్‌లో పెడితే పొంగట్లేదు, ఏం చేయాలని కదా మీ ప్రశ్న.

పిండి 28, 30 డిగ్రీల దగ్గర చక్కగా పొంగుతుంది. మే నెలలో మన వంటగదుల్లో రాత్రి కూడా 34, 35 ఉండడం మామూలే. ఆ తేడా తగ్గించడానికి తడిగుడ్డ, టేబుల్ ఫ్యాన్ చాలు.

వెడల్పాటి బేసిన్‌లో నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లు పోసి, మూతపెట్టిన స్టీలు గిన్నెను అందులో ఉంచండి. ప్లాస్టిక్ డబ్బా వద్దు, అది వేడిని తొందరగా బయటికి వదలదు. పాత నూలు తువ్వాలు తడిపి గిన్నె చుట్టూ కట్టండి. కింది అంచు నీళ్లలో మునిగి ఉంటే గుడ్డ తనంతట తానే నీళ్లు పీల్చుకుంటూ ఉంటుంది, రాత్రి లేచి తడపాల్సిన పని లేదు. ఫ్యాన్ గాలి నేరుగా గుడ్డకే తగలాలి, కిటికీ తెరిచి ఉండాలి. ఒక్క గ్రాము నీరు ఆవిరైతే దాదాపు 2,400 జౌల్స్ వేడి పోతుంది. సీమ పొడిగాలికి ఇది భలే పనిచేస్తుంది. వానలు మొదలై గాలిలో తేమ పెరిగితే మాత్రం లాభం తక్కువ, అప్పుడు బేసిన్‌లో గడ్డకట్టిన నీళ్ల సీసా ఒకటి వేయండి.

అన్నట్టు, మిక్సీలో రుబ్బితే పిండి అక్కడే వేడెక్కిపోతుంది. ఐస్ నీళ్లు పోసి రుబ్బండి.