అక్షరాల్లో అమ్మానాన్నల ఫొటో

ప్రశ్న: నాన్నగారి బ్యానర్‌పై ‘షష్టిపూర్తి’ అన్న అక్షరాల లోపల వాళ్ల పెళ్లి ఫొటో కనిపించాలి. ఫొటోషాప్‌లో టైప్ చేస్తే ఒత్తులు విడిపోతున్నాయి. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు ఒత్తుల సంగతి చూద్దామమ్మా. మీది 2022కి ముందు వెర్షన్ ఫొటోషాప్ అయితే, ప్రిఫరెన్సెస్‌లో టైప్‌కి వెళ్లి ‘వరల్డ్ రెడీ లేఅవుట్’ ఎంచుకోండి. ప్రోగ్రాం మూసి మళ్లీ తెరిచి, కొత్త ఫైల్‌లో టైప్ చేయండి. ఇది తెలియక మా అక్క పెళ్లి ఆల్బమ్‌కి నేను రెండు రాత్రులు కూర్చుని ఒక్కో ఒత్తునూ విడిగా అతికించాను. మీకా టెన్షన్ వద్దు.

ఫాంట్ లావుగా ఉండాలి, సన్నని గీతల్లో ముఖాలు కనబడవు. ఉచితంగా దొరికే రామభద్ర నాకు చాలా ఇష్టం. అక్షరాల లేయర్‌కి సరిగ్గా పైన ఫొటో లేయర్ పెట్టి, దాన్ని ఎంచుకుని ఆల్ట్, కంట్రోల్, జి కలిపి నొక్కండి. ఫొటో అక్షరాల్లోకి ఒదుగుతుంది. మూవ్ టూల్‌తో జరుపుతూ ఇద్దరి ముఖాలూ గీత వెడల్పుగా ఉన్న చోటికి తీసుకురండి.