అడిగినదానికల్లా ‘అలౌ’ నొక్కాలా?

స్మార్ట్‌ఫోన్లు, యాప్‌లు, వాటి వెనకున్న కంపెనీల తీరుపై అభిప్రాయాలు రాయమని పాఠకులను కోరాం. అభిప్రాయాలకంటే ప్రశ్నలే ఎక్కువగా వచ్చాయి. ఒకే విషయాన్ని పలువురు అడిగినచోట ఒక ఉత్తరాన్నే ఎంచుకుని జవాబిస్తున్నాం.

ప్రశ్న: కొత్త వెట్ గ్రైండర్ కొనాలని నేనూ మావారూ వంటింట్లో నిలబడి మాట్లాడుకున్నాం. నేను ఎక్కడా వెతకలేదు. మర్నాడు ఫోన్ తెరిస్తే వరసగా గ్రైండర్ల ప్రకటనలే. ఫోన్ మన మాటలు వింటోందని మా వీధిలో అందరూ అంటున్నారు. నిజమేనా?
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: ఈ అనుమానం మీ ఒక్కరిదే కాదు, దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. కాని దీనికి గట్టి ఆధారం ఇంతవరకు దొరకలేదు. 2018లో అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 17 వేలకు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించారు. మనకు తెలియకుండా మాటలు రికార్డు చేసి బయటకు పంపుతున్న యాప్ వారికి ఒక్కటీ కనబడలేదు. కనబడింది వేరొకటి: కొన్ని యాప్‌లు తెర మీద మనం చేస్తున్న పనినే ఫొటోలుగానో వీడియోగానో తీసి, మనం పేరు కూడా వినని మరో కంపెనీకి చేరవేస్తున్నాయి. అంతమాత్రాన మైకు విషయంలో కంపెనీలన్నీ కడిగిన ముత్యాలని కాదు. పిలవకుండానే ఐఫోన్‌లోని ‘సిరి’ (మాటతో పనిచేసే సహాయకురాలు) మేల్కొని సొంత సంభాషణలను రికార్డు చేసిందంటూ అమెరికాలో నడిచిన దావాలో ఆపిల్ సంస్థ, తప్పు చేశానని ఒప్పుకోకుండానే, 2025 జనవరిలో 9.5 కోట్ల డాలర్ల రాజీకి ముందుకొచ్చింది.

మరి గ్రైండర్ సంగతి వాళ్లకెలా తెలిసింది? మీరు వెతకలేదు సరే, మీవారు ధర చూసి ఉండవచ్చు. మీ ఇద్దరి ఫోన్లూ ఒకే వైఫై మీద నడుస్తుంటే, ప్రకటనల కంపెనీ లెక్కలో మీరిద్దరూ ఒకే ఇల్లు. లొకేషన్ ఆన్‌లో పెట్టుకుని గృహోపకరణాల దుకాణంలో కాసేపు నిలబడినా అది ఒక ఆనవాలే. దుకాణంలో బిల్లు వేయించుకుంటూ మీరు చెప్పిన ఫోన్ నంబరును ఆ దుకాణం ప్రకటనల వేదికకు అందించి, ‘ఈ నంబరున్నవారికి మా ప్రకటన చూపించండి’ అని అడిగే పద్ధతి కూడా ఉంది. వీటన్నిటినీ కలిపి కుట్టడానికి ప్రతి ఫోన్‌లోనూ అడ్వర్టైజింగ్ ఐడీ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది. అదీగాక, పండగల ముందు గ్రైండర్ల ప్రకటనలు అందరికీ వస్తాయి. వాటి గురించి మాట్లాడుకున్న మర్నాడే అవి మన కంట పడతాయి. మాట వినకుండానే ఇంత తెలుసుకోగలగడం, విన్నారన్న అనుమానంకంటే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది.

మైకు సంగతి మీరే చూసుకోవచ్చు. ఆండ్రాయిడ్ 12, ఆ తర్వాతి వెర్షన్లు ఉన్న ఫోన్లలో ఏ యాప్ అయినా మైకునో కెమెరానో వాడుతున్నప్పుడు తెర పైభాగాన కుడిమూల ఆకుపచ్చ చుక్క కనిపిస్తుంది. సెట్టింగ్స్‌లోని ప్రైవసీ డాష్‌బోర్డ్ తెరిస్తే, గడచిన 24 గంటల్లో ఏ యాప్ ఏ సమయంలో మైకు, కెమెరా, లొకేషన్ వాడుకుందో వరసగా చూపిస్తుంది. అదే సెట్టింగ్స్‌లో గూగుల్ విభాగానికి వెళ్లి, యాడ్స్ కింద ఉన్న అడ్వర్టైజింగ్ ఐడీని తొలగించవచ్చు. ఫోన్ తయారీని బట్టి మెనూ పేర్లు కొద్దిగా మారతాయి. ఆ తర్వాత ప్రకటనలు ఆగవు, కాని మిమ్మల్ని వెంటాడే ప్రకటనలు తగ్గుతాయి.

ప్రశ్న: మా మేనత్త కొడుకు ఏదో రుణ యాప్‌లో డబ్బు తీసుకుని గడువుకు కట్టలేకపోయాడు. ఇప్పుడు నాకూ, మా నాన్నగారికీ పగలూ రాత్రీ ఫోన్లు, బూతు మెసేజ్‌లు. నేను ఆ యాప్‌ను కంటితో కూడా చూడలేదు. నా నంబరు వాళ్లకెలా వెళ్లింది?
– ప్రైవేటు ఉద్యోగి, కరీంనగర్

జవాబు: మీ బావ ఫోన్‌లోంచి వెళ్లింది. యాప్ వేసుకునేటప్పుడు కాంటాక్ట్స్ చూడనిస్తారా అని అడుగుతుంది. డబ్బు అవసరంలో ఉన్న మనిషి ఆలోచించకుండా ‘అలౌ’ నొక్కుతాడు. ఆ క్షణంలో ఆయన ఫోన్‌లో పేరున్న ప్రతివారి నంబరూ వెళ్లిపోతుంది. వ్యక్తిగత గోప్యత గురించి మాట్లాడేటప్పుడు మనం చాలాసార్లు మరిచిపోయే సంగతి ఇదే: మీ నంబరు తాళంచెవి మీ దగ్గర ఒక్కటే లేదు, దాన్ని సేవ్ చేసుకున్న ప్రతివారి దగ్గరా ఒకటుంది.

2020 చివర్లో తెలంగాణలో ఇలాంటి వేధింపులు తట్టుకోలేక కొందరు ప్రాణాలు తీసుకోవడం, హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్‌సెంటర్లపై దాడులు చేసి పలువురిని అరెస్టు చేయడం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాతే రిజర్వు బ్యాంకు ఈ విషయంపై కమిటీ వేసి, 2022 సెప్టెంబరులో డిజిటల్ రుణాలకు మార్గదర్శకాలు తెచ్చింది. వాటి ప్రకారం రుణ యాప్‌లు ఫోన్‌లోని ఫైళ్లు, ఫొటోలు, కాంటాక్ట్ లిస్టు, కాల్ వివరాల జోలికి వెళ్లకూడదు. కేవైసీ కోసం కెమెరా, మైకు, లొకేషన్ వంటివి అవసరమైతే, రుణగ్రహీత స్పష్టమైన అనుమతితో ఒక్కసారి మాత్రం వాడుకోవచ్చు. 2025 మే నెలలో వెలువడిన కొత్త ఆదేశాల్లోనూ ఈ నిషేధం కొనసాగింది. గూగుల్ కూడా 2023 మే 31 నుంచి ప్లే స్టోర్‌లోని వ్యక్తిగత రుణ యాప్‌లకు కాంటాక్ట్స్, ఫొటోల అనుమతిని నిషేధించింది. అంటే ఇప్పటికీ కాంటాక్ట్స్ అడిగే రుణ యాప్ ఏదైనా నిబంధనలు తప్పుతున్నట్టే. అలాంటివి ఎక్కువగా ప్లే స్టోర్ బయట, వాట్సాప్‌లో వచ్చే లింకుల ద్వారా ఏపీకే ఫైళ్లుగా (స్టోర్‌తో పని లేకుండా యాప్‌ను నేరుగా ఫోన్‌లో వేసే ఫైళ్లు) దిగుతాయి. అక్కడ గూగుల్ నిబంధనలు పనిచేయవు.

మీరు చేయవలసినది చెబుతాను. ముందుగా మీ బావను అడిగి యాప్ పేరు, అప్పిచ్చిన సంస్థ పేరు తెలుసుకోండి. బ్యాంకులు, ఆర్థిక సంస్థలు వాడుతున్న రుణ యాప్‌ల జాబితాను రిజర్వు బ్యాంకు 2025 జులై నుంచి తన వెబ్‌సైట్‌లో ఉంచుతోంది. యాప్ అందులో ఉంటే మొదట ఆ సంస్థకు, స్పందన లేకపోతే రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల పోర్టల్‌కు రాయండి. రికవరీ ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 తర్వాత అప్పు వసూలుకు ఫోన్ చేయకూడదనీ, రుణగ్రహీత కుటుంబ సభ్యులను, స్నేహితులను వేధించకూడదనీ 2022 ఆగస్టు నుంచే ఆదేశాలున్నాయి. జాబితాలో లేకపోతే అది పోలీసులు చూడవలసిన కేసు: 1930కి ఫోన్ చేసి, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో నమోదు చేయండి. మెసేజ్‌లను కోపంలో తొలగించకండి, ప్రతిదానికీ స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. అన్నిటికంటే ముఖ్యంగా, వాళ్ల నోరు మూయించడానికి మీరు ఒక్క రూపాయి కూడా కట్టకండి.

ప్రశ్న: వ్యక్తిగత సమాచారానికి కొత్త చట్టం వచ్చిందని చదివాను. ఇకపై యాప్ కంపెనీలు మన మాట వింటాయా, లేక ఇదీ కాగితాలకే పరిమితమా?
– విశ్రాంత అధ్యాపకుడు, వరంగల్

జవాబు: గోప్యత పౌరుల ప్రాథమిక హక్కని పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పిచ్చింది. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం రావడానికి ఆరేళ్లు పట్టింది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. కంపెనీల ముఖ్య బాధ్యతలు అమల్లోకి రావడానికి ఆ తేదీ నుంచి 18 నెలల గడువిచ్చారు, అంటే 2027 మే.

చట్టంలో నాకు నచ్చిన ఉదాహరణ ఒకటుంది, అదీ చట్టం పాఠంలోనే ఇచ్చినది. ఒకామె ఫోన్‌లో వైద్య సలహాలిచ్చే యాప్ వేసుకుంటుంది. వైద్యానికి కావలసిన వివరాలతోపాటు కాంటాక్ట్ లిస్టు కూడా అడిగితే రెండిటికీ సరేనంటుంది. అయినా, వైద్య సలహాకు కాంటాక్ట్ లిస్టుతో పని లేదు కనుక ఆమె సమ్మతి వైద్యానికే పరిమితమని చట్టం అంటుంది. అంటే ‘మీరే ఒప్పుకున్నారుగా’ అని కంపెనీ తప్పించుకోలేదు. మరొకటి, సమ్మతి అడిగే నోటీసును తెలుగుతో సహా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా చదువుకునే వీలు కల్పించాలి. పదుల పేజీల ఇంగ్లిషు నిబంధనల కింద నొక్కిన ‘ఐ అగ్రీ’ని సమ్మతి అనడం ఇన్నాళ్లూ మనం మౌనంగా భరించిన అన్యాయం.

ఇక లోపాలు. జరిమానా రూ. 250 కోట్ల వరకు ఉండవచ్చు గాని, ఆ సొమ్ము ప్రభుత్వ ఖజానాకు చేరుతుంది. నష్టపోయిన మనిషికి పైసా రాదు. ఐటీ చట్టం 43ఏ సెక్షన్ కింద పరిహారం అడిగే దారి ఇదివరకు ఉండేది, కొత్త చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చాక అదీ పోతుంది. తప్పుడు ఫిర్యాదు చేశారని తేలితే పౌరుడికే రూ. 10 వేల వరకు జరిమానా వేయవచ్చు. ప్రభుత్వ సంస్థలకు ఇచ్చిన మినహాయింపులు మరీ ఉదారం. పెద్ద కంపెనీలను దారికి తేవడం ఎంత నిదానంగా సాగుతుందో వాట్సాప్ వ్యవహారంలో చూశాం. 2021 జనవరిలో ఆ సంస్థ తెచ్చిన గోప్యతా విధానంపై, వ్యాపార పోటీ న్యాయంగా సాగేలా చూసే కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో రూ. 213.14 కోట్ల జరిమానా వేసింది. ప్రకటనల కోసం సమాచారాన్ని తన యజమాని మెటాకు చెందిన ఇతర సంస్థలతో పంచుకోవడంపై అయిదేళ్ల నిషేధం కూడా విధించింది. మరో ఏడాదికి అప్పిలేట్ ట్రిబ్యునల్ జరిమానాను నిలబెట్టి, నిషేధాన్ని ఎత్తేసింది. జరిమానా కట్టడం అంత పెద్ద కంపెనీకి కష్టమేమీ కాదు. అది భయపడేది నిషేధానికే.

ప్రశ్న: రాజమహేంద్రవరంలో ఉన్న మా నాన్నగారిది చౌకరకం ఆండ్రాయిడ్ ఫోన్. లాక్ చేసి ఉన్నా తెరపై ప్రకటనలు వస్తున్నాయి. ఐఫోన్ పంపిస్తే ఈ బెడద తీరుతుందా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్

జవాబు: కొంత తీరుతుంది. చౌక ఫోన్లలో ముందే వేసి ఇచ్చే ఇతర కంపెనీల యాప్‌లు, లాక్ తెర ప్రకటనలు తయారీదారుకు అదనపు ఆదాయం. ఐఫోన్‌లో అవి ఉండవు. పైగా 2021 ఏప్రిల్ నుంచి ఇతర యాప్‌లలో మనల్ని వెంబడించాలంటే యాప్ ముందుగా అనుమతి అడగాలి. ఆ ఒక్క ప్రశ్న వల్ల 2022లో తనకు వెయ్యి కోట్ల డాలర్ల ఆదాయం తగ్గవచ్చని మెటా అంచనా వేసిందంటే, అడిగితే జనం వద్దంటారని కంపెనీలకు తెలుసు. కాని గోప్యత ఖరీదైన ఫోన్ కొనగలిగినవారికే దక్కాలనడం నాకు మింగుడుపడదు. లాక్ తెర ప్రకటనలను చాలా ఫోన్ల సెట్టింగ్స్‌లోనే ఆపవచ్చు. వీడియో కాల్‌లో దగ్గరుండి చేయించండి.

ఈ వయసువారికి అసలు ప్రమాదం ప్రకటనలు కావు. పెళ్లి శుభలేఖ, ట్రాఫిక్ చలాన్, పీఎం కిసాన్ సొమ్ము అంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు ఒక్కటి తెరిస్తే అది ఎస్సెమ్మెస్‌లు చదివి ఓటీపీలు పట్టేస్తుంది. ‘తెలియని యాప్‌ల ఇన్‌స్టాల్’ అనుమతి వాట్సాప్‌కు, బ్రౌజరుకు తీసేయించండి. ముందే వేసి ఇచ్చే యాప్‌ల ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట: ప్రభుత్వ సంచార్ సాథీ యాప్‌ను ప్రతి కొత్త ఫోన్‌లో ఉంచాలని టెలికాం శాఖ 2025 నవంబరు 28న ఆదేశించి, నిరసనలు వెల్లువెత్తడంతో డిసెంబరు 3న ఆ తప్పనిసరిని వెనక్కి తీసుకుంది. వినియోగదారులు గొంతెత్తితే పని జరగదన్నవారు ఈ తేదీలు చూడాలి.

ప్రశ్న: మా ఊరి సూపర్‌మార్కెట్‌లో ఫోన్ నంబరు చెప్పనిదే బిల్లు వేయమంటున్నారు. చెప్పాలా?
– పాఠకురాలు, విజయనగరం

జవాబు: అక్కర్లేదు. నంబరు ఇవ్వలేదన్న కారణంతో సేవ నిరాకరించరాదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలో రిటైల్ వ్యాపారులకు సూచించింది. కౌంటర్లో ఉన్న అమ్మాయితో వాదన పెట్టుకోకండి; ఆమెకు చెప్పినట్టు చేయడం తప్ప వేరే దారి ఉండదు. మేనేజరును పిలిపించి కాగితం బిల్లు అడగండి. ఇవ్వనంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు అక్కడినుంచే ఫోన్ చేయండి. తెలుగులోనే ఫిర్యాదు చెప్పవచ్చు.