నల్లరాయి ఏ దారిన వచ్చింది?

ప్రశ్న: సార్, మాది దేవరకొండ దగ్గర పల్లె. చెలక చదును చేయిస్తుంటే గ్రానైటు మధ్యలో పదడుగుల వెడల్పున నల్లరాయి గోడలాగా బయటపడింది. బోరు పాయింట్ చూసేటాయన "ఇది డైక్, ఒకప్పటి లావా" అన్నాడు. ఇంటర్ చదివే మా అబ్బాయేమో భూమి లోపలంతా లావా సముద్రమే అంటున్నాడు. నిజమేనా? ఇంత గట్టి రాయిని దాటి అది పైకెట్లా వచ్చింది?
– ఒక రైతు

జవాబు: పాలమూరులో ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు జియాలజీ చెప్పాను. రాళ్లు చూపించడానికి తీసుకెళ్లిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఈ లావా సముద్రం మాట ఎత్తేవారు. మీ అబ్బాయి అడిగినందుకు నాకు సంతోషం.

సముద్రం లేదు. మన కింద గ్రానైటు లాంటి రాళ్లున్న పైపెచ్చు దాటాక, సుమారు 2,900 కిలోమీటర్ల లోతు దాకా ఉండేది మాంటిల్. అది దాదాపు అంతా గట్టి రాయే. భూకంపంలో పుట్టే ఎస్ తరంగాలు ద్రవంలోంచి పోలేవు, మాంటిల్‌లోంచి మాత్రం హాయిగా పోతున్నాయి. దాని కింద కరిగిన ఇనుము ఉంది, నిజమే. కానీ మీ నల్లరాయి అక్కడిది కాదు, మాంటిల్‌లో కరిగినది.

గట్టి రాయి ఎందుకు కరిగింది? కుక్కర్ మూత బిగిస్తే నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరగవు, 120 దాకా పోతాయి. ఒత్తిడి పెరిగితే మరగడం ఆలస్యం. రాయి కరగడమూ అంతే. లోపల 1,300 డిగ్రీలు దాటినా ఒత్తిడికి గట్టిగానే ఉంటుంది. ఆ రాయి ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున మెల్లగా పైకి జరిగితే, ఒత్తిడి సడలి కొంచెం కరుగుతుంది. మొదట్లో నూటికి ఒకటి రెండు పాళ్లే. ఒత్తిడి సడలితే రాయి కరుగుతుందనడానికి సాక్ష్యం ఉంది: ఐస్‌లాండ్‌లో మంచుయుగం ముగిసి, నేల మీది మంచు బరువు తగ్గగానే అగ్నిపర్వతాలు మునుపటికంటే ఎన్నో రెట్లు చెలరేగాయి.

ఇక దారి సంగతి. ఎండాకాలం వాగులో చెలిమె తోడితే ఇసుక సందుల్లోంచి నీరు ఊరుతుంది కదా. మాంటిల్‌లో కరిగిన రాయి కూడా ఖనిజపు గింజల అంచుల వెంట సన్నటి దారాల్లా చేరుతుంది. ఒక్క శాతమే ఉన్నా ఆ దారాలు ఒకదానికొకటి అంటుకునే ఉంటాయి. చుట్టూ ఉన్న రాయి కంటే తేలిక కాబట్టి ద్రవం పైకి పోతుంది. అది ఖాళీ చేసిన సందును పై బరువు అదిమేస్తుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇక్కడుంది. ఆ ద్రవం ఊరికే పోదు, దారిలో రాయిని తింటూ పోతుంది. మాంటిల్ రాయిలో ఎక్కువ భాగం ఆలివీన్ అనే ఆకుపచ్చటి ఖనిజం, దాని తర్వాత పైరాక్సీన్ అనే ఇంకో ఖనిజం. లోతులో ద్రవం ఈ రెండింటితోనూ సర్దుకునే ఉంటుంది. పైకొచ్చి ఒత్తిడి తగ్గాక పైరాక్సీన్‌ను కరిగించుకుని, బదులుగా ఆలివీన్‌ను వదలడం మొదలుపెడుతుంది. వదిలేదానికంటే కరిగించుకునేదే ఎక్కువ, కాబట్టి సందు పెద్దదవుతుంది. సందు పెద్దదైతే ఇంకా ద్రవం అటే వస్తుంది, ఇంకా తింటుంది. బెల్లం దిమ్మ మీద నీళ్లు చుక్కచుక్కగా పోసి చూడండి. ఎక్కడ చిన్న గుంట పడిందో అన్ని చుక్కలూ అక్కడికే చేరి కాలువ తొలుస్తాయి. అయితే బెల్లంలో కాలువ ఖాళీగా మిగులుతుంది. మాంటిల్‌లో అది ఆలివీన్‌తో నిండిన పట్టీగా మిగులుతుంది. ఆ రాయి పేరు డ్యూనైట్. ఒమన్ కొండల్లో ఒకప్పటి సముద్రం అడుగు, దాని కింది మాంటిల్‌తో సహా నేల మీదికి ఎక్కింది. అక్కడ ఈ పట్టీలను చేత్తో తాకి చూడొచ్చు. కొన్ని వేలెడు మందం, కొన్ని పదుల మీటర్లు.

మన దగ్గరా ఇలాంటి ఆనవాలు ఉంది. నారాయణపేట వైపు కోటకొండలో కింబర్లైట్ అనే రాయి ఉంది, వయసు సుమారు 110 కోట్ల ఏళ్లు. ఈ జాతి ద్రవం 150 కిలోమీటర్ల కంటే లోతు నుంచి వస్తుంది. దారిలో పైరాక్సీన్‌ను కరిగించుకున్నప్పుడు కార్బన్ డయాక్సైడ్ విడుదలై, ఆ పొంగుతోనే అంత వేగంగా ఎగదన్నుకొస్తుందని ఒక వివరణ.

మీ డైక్ సంగతి వేరు. పైపెచ్చులోని గ్రానైటు చల్లగా, పెళుసుగా ఉంటుంది. అక్కడ ద్రవం తింటూ కూర్చోదు, ఒత్తిడితో పగులు తెరిచి అందులోకి చొరబడుతుంది. అలా గడ్డకట్టిందే మీ గోడ. బయటికి పారితేనే లావా అంటాం, లోపల ఉన్నంతసేపు మాగ్మా. మహబూబ్‌నగర్ చుట్టూ ఇలాంటి డైకుల్లో కొన్నిటికి 220 కోట్ల ఏళ్లని లెక్క తేల్చారు.

మీ అబ్బాయితో ఆ గోడ అంచు నుంచి ఒక ముక్క, నడిమి నుంచి ఒక ముక్క కొట్టించండి. చల్లటి గ్రానైటును తాకి గబుక్కున గడ్డకట్టింది కాబట్టి అంచు ముక్కలో గింజలు కంటికి ఆననంత సన్నగా ఉంటాయి. నడిమి ముక్కలో గింజలు కంటికి కనిపిస్తాయి. ఇంకో మాట, ఇలాంటి గోడ నేల లోపలి నీటి పారుదలకు అడ్డుకట్టలా నిలబడుతుంది. బోరు పాయింట్ చూపించేటప్పుడు గోడకు ఎగువ పక్కను ముందు చూడమనండి.